ఒకే స్టాఫ్ రూమ్, నాలుగు రకాల జీతం

[తెర మీద: జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల గేటు, లోపలికి పోతున్న పిల్లలు]

నమస్కారం. నెల్లూరు జిల్లాలో ఏ టీ కొట్టు దగ్గర కూర్చున్నా ఈ మాట వినపడుద్ది: "గవర్నమెంటు టీచరుకేంది, తొమ్మిదింటికి పోయి నాలుగింటికి వచ్చేదానికి లక్ష జీతం!" ఇవాళ ఆ లెక్క కూర్చుని వేద్దాం.

[తెర మీద: 32,670 – 1,01,970]

ఇది ఎస్జీటీ స్కేలు. చిన్న తరగతులు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్లకు 2022 పీఆర్సీ, అంటే ప్రభుత్వ జీతాల సవరణ, ఇచ్చింది. డీఎస్సీ (టీచర్ల నియామక పరీక్ష) కొట్టి కొత్తగా చేరిన టీచరు బేసిక్ 32,670 దగ్గర మొదలవుద్ది. దానిమీద డీఏ, ఇంటద్దె అలవెన్సు. హైస్కూల్లో సబ్జెక్టు చెప్పే స్కూల్ అసిస్టెంటుకైతే 44,570 నుంచి. పాతికేళ్ల సర్వీసున్న స్కూల్ అసిస్టెంటుకు అన్నీ కలిపి లక్ష దాటుద్ది, నిజమే. ఆ జీతం వాళ్లకు రావాల్సిందే అంటాను నేను. కానీ టీ కొట్టు దగ్గర అందరూ ఆ ఒక్కరినే చూస్తారు. పక్క కుర్చీల్లో ఎవరున్నారో చూద్దాం రండి.

[తెర మీద: స్టాఫ్ రూమ్, నాలుగు కుర్చీలు]

మొదటి కుర్చీలో 2004 సెప్టెంబరు 1కి ముందే చేరిన సారు. పూర్తి సర్వీసు చేసి దిగిపోతే చివరి బేసిక్‌లో సగం పెన్షను, బతికున్నంత కాలం.

రెండో కుర్చీలో ఆ తర్వాత చేరిన మేడం. ఈమెది సీపీఎస్, అంటే టీచరూ ప్రభుత్వమూ వాటా వేసే పెన్షను పథకం. నెలనెలా బేసిక్, డీఏ మీద 10 శాతం కోత పడుద్ది, ప్రభుత్వం అంతే కలిపి మార్కెట్లో పెడుద్ది. రేపు చేతికెంతొస్తుందో ఇప్పుడే చెప్పలేం. 2023లో గ్యారంటీ పెన్షన్ చట్టం తెచ్చినా, పాత పెన్షనే కావాలని సంఘాలు పట్టుబట్టాయి. ఇంకో బాధ వినండి. డీఎస్సీ 2003 వాళ్లకు నోటిఫికేషన్ వచ్చింది 2003లో, నియామకాలు జరిగింది గడువు తేదీ దాటాక. ఆలస్యం ప్రభుత్వానిది, పెన్షను పోయింది టీచరుది!

మూడో కుర్చీ దగ్గర కాసేపు ఆగాలి. ఈయన డీఎస్సీ 1998 రాసి అర్హత సాధించిన మనిషి. నియామకాల గొడవలో ఉద్యోగం రాలేదు. 2022లో ప్రభుత్వం సరేనంది, 2023లో బళ్లో చేరారు. కుర్రతనంలో పరీక్ష రాసి, జుట్టు నెరిశాక సుద్దముక్క పట్టుకున్నారు. ఇచ్చింది మినిమం టైం స్కేలు, అంటే ఆ 32,670 మొదటి మెట్టు మాత్రమే, అదీ కాంట్రాక్టు మీద. ఏటేటా ఇంక్రిమెంటు లేదు, దిగిపోయాక పెన్షను లేదు.

నాలుగో కుర్చీ అకడమిక్ ఇన్‌స్ట్రక్టరుది. ఖాళీ పోస్టులో తాత్కాలికంగా గౌరవ వేతనం మీద పెట్టుకుంటారు. విద్యాసంవత్సరం అయిపోతే పనీ అయిపోద్ది.

నలుగురూ చెప్పేది అవే పాఠాలు. పదో తరగతి ఫలితాలు తగ్గితే నలుగురికీ అదే నిలదీత. ఇది కొత్తగా వచ్చిన జబ్బు కూడా కాదు. 1980లలో నెలకు 398 రూపాయలిచ్చి స్పెషల్ టీచర్లను పెట్టారు. ఆ కాలాన్ని ఇంక్రిమెంట్లకు లెక్కగట్టండి మొర్రో అని వాళ్లు దశాబ్దాల తరబడి అడుగుతూనే ఉన్నారు.

[తెర మీద: నెల్లూరు నుంచి సీతారామపురం దారి]

ఇంటద్దె సంగతి చూడండి. నెల్లూరు నగరంలో పనిచేస్తే బేసిక్‌లో 16 శాతం. ఉదయగిరి దాటి సీతారామపురం వైపు పల్లెలో చేస్తే 10 శాతం. ఎస్జీటీ మొదటి బేసిక్ మీద నెలకు దాదాపు 1,960 రూపాయల తేడా. టౌనులో అద్దెలెక్కువ, ఒప్పుకుంటా. మరి రోజూ బస్సు మారి, ఆటో ఎక్కి కొండ కింద పల్లెకు పోయే మనిషి ఖర్చు ఏ పద్దులో రాయాలి? బదిలీల్లో దూరపు బడికి పాయింట్లు ఎక్కువిస్తారు. అంటే అక్కణ్నుంచి బయటపడేందుకే ప్రోత్సాహం, అక్కడ నిలబడేందుకు లేదు. పల్లె బడి పిల్లలకు ఇది అన్యాయం.

2022 ఫిబ్రవరి 3న "చలో విజయవాడ"కు వేలమంది ఎందుకు కదిలారో కూడా గుర్తుపెట్టుకోండి. పీఆర్సీ వచ్చేలోపు ఇచ్చే మధ్యంతర భృతి అప్పటిదాకా 27 శాతం వస్తుంటే, పీఆర్సీలో ఫిట్‌మెంట్, అంటే జీతం పెంపు, 23 శాతమే అన్నారు.

[తెర మీద: విద్యాహక్కు చట్టం, సెక్షన్ 27]

డబ్బు ఒక ఎత్తు, టీచరు సమయానికి మనమిచ్చే విలువ ఇంకో ఎత్తు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప టీచర్లకు బడి పని కానిది అప్పజెప్పకూడదు. అయినా 2020 మేలో విశాఖ జిల్లాలో మద్యం దుకాణాల ముందు క్యూలు సర్దడానికి టీచర్లను పెట్టారు. మరుగుదొడ్ల ఫొటోలు తీసి యాప్‌లో ఎక్కించే పని కూడా చాన్నాళ్లు టీచర్ల నెత్తినే ఉండేది. ఆ ఫొటోలు తీసే సేపు నాలుగో తరగతి ఎక్కాలు ఎవరు చెప్పాలండీ?

ఇప్పుడు కొత్తగా 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. రిటైర్మెంటుకు ఐదేళ్లకు మించి ఉన్న టీచర్లు, ఎప్పుడో చేరిన వాళ్లయినా సరే, రెండేళ్లలో టెట్ (టీచరు అర్హత పరీక్ష) పాసవ్వాలి. పగలు పాఠాలు చెప్పి రాత్రి టెట్ గైడు చదివే నడివయసు సార్లు మన ఊళ్లలోనే ఉన్నారు. పలకరిస్తే తెలుస్తుంది.

విద్యాహక్కు చట్టం ప్రకారం స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి. ఈసారి మీటింగుకు పిలిస్తే సంతకం పెట్టి వచ్చేయకండి. ఈ నెలలో మన టీచర్లు ఎన్ని రోజులు వేరే డ్యూటీకి పోయారు, ఏ సబ్జెక్టు పోస్టు ఎన్నాళ్ల నుంచి ఖాళీగా ఉంది, ఈ రెండూ అడగండి. జవాబు మినిట్స్ పుస్తకంలో రాయించండి.