గండిపేట కింద ఇంకో గండిపేట ఉంది... దాన్ని టిప్పర్లలో ఎత్తుకుపోతున్నారు!

మీ ఇంట్లో బోరు ఉందా? ఉంటే బోరు వేయించినప్పటి బిల్లు ఒకసారి తీయండి. కేసింగ్ పైపు ఎన్ని ఫీట్లు దిగిందో అందులో రాసి ఉంటుంది. 20 ఆ, 40 ఆ, 60 ఆ? ఆ అంకె గుర్తుపెట్టుకోండి. ఈ వీడియో మొత్తం ఆ అంకె గురించే.

నమస్కారం అండి. 111 జీవో గొడవ మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. 1996లో వచ్చింది. గండిపేట (ఉస్మాన్‌సాగర్), హిమాయత్‌సాగర్ జంట జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్లు, 84 ఊళ్లలో పెద్ద కట్టడాలు, కాలుష్యం చేసే ఫ్యాక్టరీలు వద్దని ఆంక్షలు. 2022లో 69 జీవో తెచ్చి ఆంక్షలు ఎత్తేస్తున్నాం అన్నారు. సిటీకి కృష్ణా, గోదావరి నీళ్లు వస్తున్నాయి కాబట్టి గండిపేట మీద ఇక ఆధారపడటం లేదన్నది అప్పుడు చెప్పిన కారణం. ఆ రోజు నుంచీ ఒకటే చర్చ. ఎకరం ఎంత పలుకుతోంది, ఎవరి భూమి ఎవరు కొన్నారు. రెండు వైపులా గొంతులు చించుకుంటున్నారు. కింద ఉన్న రాయి గురించి మాత్రం ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు నోరు విప్పరు!

నేను చెప్పేది ఒకటే. మూసీకి అసలు రిజర్వాయర్ గండిపేట కాదు. హిమాయత్‌సాగర్ కూడా కాదు. మొరం. అవును, పునాది తవ్వితే బయటపడే ఆ పొడిపొడి పసుపు మొరమే.

చేవెళ్ళ వైపు మా మేనమామ వాళ్ల ఊళ్లో బోరు వేస్తుంటే రాత్రంతా దగ్గర నిలబడి చూశాను. ముందు ఎర్రమట్టి వచ్చింది. తర్వాత పసుపు మొరం, చేత్తో నలిపితే పొడైపోయేంత మెత్తగా. 38 ఫీట్ల దగ్గర రిగ్గు చప్పుడే మారిపోయింది. బూడిద రంగు పొడి లేచి మా మొహాల నిండా కొట్టింది. రిగ్గు మీద కుర్రాడు "రాయి తగిలింది అన్నా" అన్నాడు. అక్కడిదాకా కేసింగ్ దింపారు. ఆ తర్వాత 400 ఫీట్లు పోయినా అదే బూడిద. చివరికి ఒక చిన్న గ్యాప్ తగిలితే రెండించుల నీళ్లు పడ్డాయి. మామ కళ్లు తుడుచుకున్నాడు.

ఇప్పుడు అర్థమైందా కేసింగ్ అంకె ఏమిటో? పైన మెత్తటి మొరం కూలిపోకుండా వేసేది కేసింగ్. అంటే ఆ పైపు ఎంత పొడవో, మీ కింద మొరం సుమారుగా అంత లోతు. ఆ కింద ఉన్నది 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. దాన్లో చుక్క ఇంకదు. పగుళ్లుంటే వాటిలో కొంచెం పారుతుంది, అంతే. ఆ పగుళ్లకైనా నీళ్లు పైనున్న మొరంలోంచి దిగాల్సిందే.

చిన్న లెక్క చెప్తాను. 100 లీటర్ల మొరం నుంచి మనం తోడుకోగలిగేది రెండు మూడు లీటర్లే. తక్కువే కదా అనిపిస్తుంది. కానీ ఎకరం నేల కింద 10 మీటర్ల మందం మొరం ఉందనుకోండి, తక్కువలో తక్కువ 8 లక్షల లీటర్లు! 5,000 లీటర్ల ట్యాంకర్లు 160. ఒక్క ఎకరం కింద! మన తాతలు మోట కొట్టి పండించింది ఈ నీళ్లతోనే. వానలు ఆగాక కూడా వాగుల్లోకి మెల్లగా ఊరి, నెలల తరబడి పారించిందీ ఇవే. వాగు పారేది పై నుంచి వచ్చిన వరదతోనే కాదండి, పక్కనున్న నేల లోంచి వచ్చే ఊటతో.

హైదరాబాద్ గుండ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, నాకు చాలా ఇష్టమైన విషయం. ఖాజాగూడ వెళ్తే గుండు మీద గుండు పేర్చినట్టు ఉంటాయి కదా. వాటిని ఏ వరదా దొర్లించుకు రాలేదు. గ్రానైట్‌లో నిలువుగా, అడ్డంగా పగుళ్లుంటాయి. వాటిలో నీళ్లు దిగి, భూమి లోపలే లక్షల ఏళ్లు నానబెట్టి, మూలలు అరగదీసి చుట్టూ మొరం చేశాయి. ఆ మొరం కొట్టుకుపోతే మధ్యలో మిగిలిన గట్టి ముద్దలే ఈ గుండ్లు. అంటే గుండు పైకి తేలిందంటే అక్కడ మొరం పోయినట్టే. ఒక్క అడుగు మొరం మళ్లీ తయారు కావాలంటే మన మనవల మనవలకు కూడా దక్కదు.

మూసీ పుట్టే అనంతగిరి వైపు కథ వేరు. అక్కడ నల్లరాయి, పైన రేగడి. ఎండాకాలం రేగడి నెర్రెలు విచ్చుకుంటుంది, చెయ్యి పెడితే మోచేతి దాకా పోతుంది. తొలి వానలు ఆ నెర్రెల్లోంచే లోపలికి దిగిపోతాయి, వాగుకి చుక్క రాదు. అదే నేల రెండు మూడు మంచి వానలకి ఉబ్బి మూసుకుపోతుంది. ఇక ఆ తర్వాత పడ్డదంతా పరుగే! అదే చెల్క, దుబ్బ లాంటి ఇసుక కలిసిన ఎర్రనేలైతే పడ్డ వాన పడ్డట్టు తాగుతుంది. ఒకే నది, రెండు రకాల నేలలు, రెండు రకాల స్వభావాలు. మనవాళ్లేమో అన్ని ఊళ్లకీ ఒకటే కొలతతో ఇంకుడు గుంత తవ్వించారు! రేగడిలో గుంత తవ్వితే అది బురద గుంత అవుతుంది. షీట్ రాక్, అంటే పరుపులా పరుచుకున్న గట్టి రాయి మీద తవ్వితే దోమల గుంత. ఎక్కడ తవ్వాలో కేసింగ్ బిల్లు చెప్పేది, అడిగిన నాథుడు లేడు.

ఇక వరద. 1908 సెప్టెంబర్ 28, మూసీ హైదరాబాద్‌ని ముంచేసిన రోజు. అఫ్జల్‌గంజ్ చింతచెట్టు ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నవాళ్ల కథ అందరికీ తెలుసు. తర్వాత వచ్చిన ఇంజనీర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య లెక్క తీస్తే సిటీకి ఎగువన 788 చెరువులు ఉన్నాయి, వాటిలో 221 తెగిపోయాయి. దరిదాపు చదరపు మైలుకో చెరువు! ఎందుకన్ని కట్టారు మన పెద్దలు? కింద రాయి ఉంది, మొరం పల్చన, నీళ్లు అక్కడక్కడే ఆపి నేలకి తాగించకపోతే మిగలవని వాళ్లకి తెలుసు కాబట్టి. 2020లో సిటీ మునిగింది అక్టోబర్ 13న. తేదీలు చూడండి, రెండూ వానాకాలం చివర్లో. అప్పటికి మొరం నిండుగా తాగేసి ఉంటుంది. ఇంకొక్క పెద్ద వాన పడితే నేల తాగదు, అంతా నది మీదికే. పల్చటి స్పాంజి కదా, ఎండా తట్టుకోలేదు, వరదా తట్టుకోలేదు.

వాన లెక్కల్లో పెద్ద తేడా లేకపోయినా జంట జలాశయాల్లోకి వచ్చే నీళ్లు మాత్రం దశాబ్దాలుగా తగ్గుతూ వచ్చాయని పరిశోధకులు తేల్చారు. మరి నీళ్లు ఏమయ్యాయి? ఎగువన చెక్‌డ్యాములు అంటారు, అదీ ఉంది. కానీ నా మాట రాసిపెట్టుకోండి, అసలు సంగతి బోర్లు. మొరం ఎండిపోయేదాకా తోడేశాం. నీటిమట్టం వాగు అడుగు కంటే కిందికి పోయింది. ఇప్పుడు నేల వాగుకి ఊట ఇవ్వటం లేదు, వాగు నీళ్లనే నేల తాగేస్తోంది.

ఇది చాలదన్నట్టు ఆ మొరాన్నే తవ్వి అమ్ముకుంటున్నారు! రాత్రి పదకొండు దాటాక ఆ రోడ్ల మీద నిలబడండి. టిప్పర్ వెనక టిప్పర్. వెంచర్ ఫిల్లింగ్‌కి మొరం. అపార్ట్‌మెంట్లకి నాలుగేసి సెల్లార్లు, మొరం మొత్తం తీసి రాయి దాకా కాంక్రీటు. లోపలికి ఊరే నీళ్లని రాత్రీ పగలూ మోటారు పెట్టి డ్రైనేజీలోకి తోడుతున్నారు. అదే అపార్ట్‌మెంట్ మార్చిలో ట్యాంకర్ కోసం లైన్లో ఉంటుంది! కడుపు మండదా?

111 ఉండాలా పోవాలా అని కొట్టుకుంటున్న రెండు పక్షాలనూ అడుగుతున్నాను. ఆ 84 ఊళ్లలో ఏ సర్వే నంబర్ కింద ఎన్ని అడుగుల మొరం ఉందో ఎవరైనా ముందు పెట్టి మాట్లాడారా? 10 కిలోమీటర్ల గీత మనం గీసుకున్నది, రాయికి దాంతో పని లేదు. నన్నడిగితే, 30 ఫీట్లకు పైగా మొరం ఉన్న చోట సెల్లార్ తవ్వకూడదు, టిప్పర్ కదలకూడదు. 10 కిలోమీటర్ల లోపలైనా, బయటైనా.

అందుకే ఆ బిల్లు తీయమన్నాను. మీ ఊరు, కేసింగ్ ఎన్ని ఫీట్లు, బోరు ఏ సంవత్సరం వేశారు, ఈ మూడే కామెంట్‌లో పెట్టండి. ఇంటి నంబర్లు వద్దు. శంకర్‌పల్లి, మొయినాబాద్, చేవెళ్ళ, షాబాద్, శంషాబాద్ వాళ్లు తప్పకుండా పెట్టండి. వచ్చినవన్నీ మ్యాప్ మీద గుర్తుపెట్టి, మొరం ఎక్కడ మిగిలిందో వచ్చే వీడియోలో చూపిస్తాను. మా మామ బోరుతో నేనే మొదలుపెడుతున్నాను. చేవెళ్ళ వైపు, 38 ఫీట్లు, 2019.