శ్రీశైలం నీటిమట్టం విన్నప్పుడు

శ్రోతలందరికీ నమస్కారం.

వానాకాలం వచ్చిందంటే వార్తల్లో ఒక అంకె వినిపిస్తూ ఉంటుంది. శ్రీశైలం నీటిమట్టం 860 అడుగులు, 872 అడుగులు, 884 అడుగులు. పూర్తిస్థాయి 885. ఇది నీటి లోతు కాదు, సముద్రమట్టం నుంచి లెక్కించే ఎత్తు. ఆ అంకె వెనక ఏముందో ఈ రోజు చెప్పుకుందాం.

నల్లమల కొండల మధ్య లోతైన ఇరుకు లోయలో పారే కృష్ణకు అడ్డంగా కట్టిన ఆనకట్ట ఇది. 1963లో నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. పొడవు 512 మీటర్లు, గేట్లు 12. ఆనకట్ట దగ్గర రెండు పక్కలా నిటారు కొండలే. ఎగువకు, అలంపూర్ వైపు వెళ్లేకొద్దీ నేల విశాలమవుతుంది. అందుకే జలాశయం గరాటులా అడుగున ఇరుకు, పైన వెడల్పు. 854 అడుగుల దగ్గర ఉండేది సుమారు 90 టీఎంసీలు. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు. 885 దగ్గర 215. పై 31 అడుగుల్లోనే దాదాపు 125 టీఎంసీలు! కాబట్టి "ఇంకో పది అడుగులేగా" అని ఎవరైనా అంటే నమ్మకండి. ఆ పది అడుగులే చాలా నీరు.

ఇదే లెక్కలో నాకెంతో ఇష్టమైన చోటు ఒకటుంది, ఈ జలాశయంలోనే ఉన్న సంగమేశ్వరం గుడి. తుంగ, భద్ర, కృష్ణ, వేణి, భీమ, మలాపహారిణి, భవనాశి, ఏడు నదుల సంగమం అంటారు. అక్కడి శివలింగం రాయి కాదు, వేపమొద్దు. ధర్మరాజు ప్రతిష్ఠించాడని అక్కడివాళ్ల నమ్మకం. జలాశయం నిండాక గుడి నీటి అడుగుకు వెళ్లిపోయింది. దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత, 2003లో మళ్లీ కనిపించింది. అప్పటినుంచి మట్టం 840 అడుగుల దరిదాపులకు దిగితే గుడి బయటపడుతుంది. ఒండ్రు తీసి, కడిగి, దీపం పెడతారు. మళ్లీ వరద వచ్చి నీళ్లు గుడిని చేరేదాకా పూజలు. ఏటా నెలల తరబడి నీళ్లలో నానినా ఆ వేపలింగం నిలిచే ఉంది. నాకు అది ఎప్పటికీ ఆశ్చర్యమే.

గుడి త్వరగా తేలిందంటే భక్తులకు సంతోషం, రాయలసీమ రైతుకు మాత్రం టెన్షన్. కాలువలకు నీరు తగ్గిందనే అర్థం కదా. ఈ జలాశయం కింద సుమారు వంద ఊళ్లు మునిగాయి. ఆ ఊళ్లు వదిలి వెళ్లినవాళ్లను తలుచుకోకుండా ఈ నీటి గురించి మాట్లాడకూడదని నా అభిప్రాయం. అదీగాక, మొదట 308 టీఎంసీలు పట్టిన జలాశయం పూడికతో ఇప్పుడు 215కి తగ్గింది. ఇది మనందరం పట్టించుకోవలసిన సంగతి.

చివరగా, రాసుకోదగిన లెక్క ఒకటి. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. లక్ష క్యూసెక్కుల వరద ఒక రోజంతా వస్తే 8.64 టీఎంసీలు. మళ్లీ చెబుతున్నాను, లక్ష క్యూసెక్కులు, ఒక రోజు, 8.64 టీఎంసీలు. వార్తల్లో ఇన్‌ఫ్లో, అంటే జలాశయంలోకి వచ్చే నీరు, ఎన్ని లక్షల క్యూసెక్కులో విని 8.64తో గుణించి చూడండి. కిందకు వదిలే నీటిని కూడా ఇలాగే లెక్కగట్టి తీసేయండి. ఇంకా నిండాల్సిన టీఎంసీలను ఆ మిగిలిన అంకెతో భాగించండి. జలాశయం నిండడానికి ఎన్ని రోజులు పడుతుందో ఇంట్లో కూర్చునే చెప్పవచ్చు. సంగమేశ్వరం వెళ్లాలనుకునేవాళ్లు మాత్రం ఎండాకాలంలో మట్టం 840కి దిగిందో లేదో కనుక్కుని బయలుదేరండి.

నమస్కారం.