ట్రోపోనిన్ అంకె పక్కన టైము రాయండి

అందరికీ నమస్కారం. గుండెపోటు నుంచి బయటపడ్డ మనిషికి ఇకముందు ముప్పు ఎంత అన్నది రక్త పరీక్షల్లో చాలావరకు దొరుకుతుంది. కాకపోతే నొప్పి మొదలైన ఎన్ని గంటలకు శాంపిల్ తీశారో రిపోర్టులో రాసి ఉండటం అరుదు. అది తెలియకపోతే ఆ అంకె సగం పనికి కూడా రాదు.

ట్రోపోనిన్‌నే తీసుకోండి. ఇది గుండె కండరంలో ఉండే ప్రోటీన్, కండరం చచ్చేకొద్దీ రక్తంలోకి కారుతుంది. మూసుకుపోయిన నాళాన్ని స్టెంటు వేసి తెరిచారనుకోండి, అక్కడ నిలిచిపోయిందంతా ఒక్కసారిగా కొట్టుకొస్తుంది. మొదటి రోజు అంకె అమాంతం పెరిగిపోతుంది, ఇంట్లోవాళ్లు హడలిపోతారు. ఆ పెరుగుదలలో కొంత నాళం తెరుచుకోవడం వల్ల వచ్చిందే. కండరం ఎంత పోయిందో తెలియాలంటే 72 గంటలు దాటాక, 96 గంటల లోపు ఒకసారి ట్రోపోనిన్-టీ (టీ, ఐ అని పరీక్షించే రెండు రకాల్లో ఒకటి) చేయించండి. గుండె ఎంఆర్ఐలో కనిపించే మచ్చ పరిమాణంతో ఆ అంకెకు మంచి పొంతన ఉంటుంది.

యూనిట్ల దగ్గర ఇంకో చిక్కు. మొదటి రోజు ఒక ల్యాబ్ 0.8 అని ఇచ్చింది, మూడో రోజు మరో ల్యాబ్ 640 అంది అనుకుందాం. పెరిగిందా? లేదు, తగ్గింది. మొదటిది మిల్లీలీటరుకు నానోగ్రాములు, రెండోది లీటరుకు. 0.8 అంటే 800 అన్నమాట. అదీ రెండు చోట్లా ఒకే కిట్టు వాడి ఉంటేనే. ఒకచోట ట్రోపోనిన్-ఐ, ఇంకోచోట టీ అయితే అసలు పోల్చకూడదు.

పోయిన కండరం సంగతి ట్రోపోనిన్ చెబితే, మిగిలిన గుండె ఎంత ఒత్తిడిలో ఉందో ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ అనే రక్త పరీక్ష చెబుతుంది. డిశ్చార్జి ముందు కూడా అది బాగా ఎక్కువగా ఉంటే గుండె వైఫల్యం భయం ఉన్నట్టే, ఫాలో-అప్ త్వరగా పెట్టండి. కిడ్నీలు దెబ్బతిన్నా, వయసు మీరినా ఇది పెరుగుతుంది. స్థూలకాయుల్లో తక్కువగా చూపిస్తుంది, అక్కడే మోసపోతాం. గుండె వైఫల్యానికి ఇచ్చే సాక్యుబిట్రిల్ మందు వాడేవారికి దీని బదులు బీఎన్‌పీ అనే జంట పరీక్ష వద్దు. ఆ మందు బీఎన్‌పీ విచ్ఛిన్నం కాకుండా ఆపుతుంది, దాంతో అంకె పెరుగుతుంది.

ఒంట్లో వాపును (ఇన్‌ఫ్లమేషన్) చూపే సీఆర్‌పీ గుండెపోటు తర్వాత రెండు మూడు రోజులకు తారస్థాయికి చేరుతుంది. అది గుండెకు అయిన గాయం వల్ల వచ్చిన వాపు, దాన్ని చూసి దీర్ఘకాలిక ముప్పు లెక్కకట్టకండి. నెల దాటి, జలుబూ జ్వరం లేనప్పుడు హై-సెన్సిటివిటీ (తక్కువ స్థాయిలను కూడా పట్టే) సీఆర్‌పీ పరీక్ష చేస్తే లీటరుకు 2 మిల్లీగ్రాములు దాటినవారికి ముప్పు మిగిలే ఉందని అర్థం. 2017లో వెలువడిన కాంటోస్ అధ్యయనం ఈ మాటను బలపరిచింది. అందులో వాడిన మందు ఎల్‌డీఎల్‌ను (చెడు కొలెస్ట్రాల్) తగ్గించకుండానే, వాపును అణచి మళ్లీ గుండెపోట్లను తగ్గించింది. ప్రాణాంతక ఇన్ఫెక్షన్లు పెరగడం దాని లోపం.

కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చవక పరీక్షే గానీ, గుండెపోటు రోగి ముప్పును లెక్కకట్టే గ్రేస్ స్కోరులో దానికి చోటుంది. యాంజియోగ్రామ్ డై ఎక్కించకముందే తీయండి. ఎల్‌డీఎల్ మొదటి 24 గంటల్లోనే తీయాలి, తర్వాత అది దానంతటదే పడిపోతుంది. ఆ తక్కువ అంకె చూసి కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ డోసు తగ్గిస్తే నష్టం రోగికే. జీడీఎఫ్-15, ఎస్‌టీ2 అనే రక్త పరీక్షలు కూడా ముప్పును పట్టిస్తాయి. ఫలితం వచ్చాక మారే వైద్యం మాత్రం దాదాపు ఏమీ లేదు కాబట్టి అందరికీ రాయమని నేను చెప్పను.

చివరగా, జుట్టు కోసమని వాడే బయోటిన్ అనే విటమిన్ గురించి రోగిని అడగండి. పెద్ద మోతాదులో వాడితే కొన్ని కిట్లలో ట్రోపోనిన్ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. అమెరికా ఎఫ్‌డీఏ 2017లో దీనిపై హెచ్చరించింది. ఎంత మోతాదు, ఆఖరిసారి ఎప్పుడు వేసుకున్నారు, ఈ రెండూ శాంపిల్‌తో పాటే ల్యాబ్‌కు రాసి పంపండి.