బెల్టుకు రెండో పని

(అనంతపురంలో పాలిటెక్నిక్ మెకానికల్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

ప్రిన్సిపాల్ గారికి, తోటి అధ్యాపకులకు నమస్కారం. పిల్లలూ, వెనక నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి. ఈ మైకు మీదకన్నా నా గొంతు మీదే నాకు నమ్మకం ఎక్కువ.

మీ ప్రాజెక్టుల జాబితా మీ సార్ నాకు పంపించారు. బెల్టు మీద పని చేస్తామన్న జట్లు ఒకటికి మించే ఉన్నాయి. ఒకరు బకిల్‌లో స్క్రూడ్రైవరు పెడతామన్నారు. ఇంకొకరు బెల్టు లోపల టార్చి, విజిల్, పెన్‌డ్రైవ్ అన్నీ దూరుస్తామన్నారు. డ్రాయింగులు బాగున్నాయి. ఒక డ్రాయింగులోనైతే బకిల్ చేయని పని లేదు. ప్యాంటు జారకుండా పట్టుకోవడం అనే పని మాత్రం అందులో ఎక్కడా రాయలేదు!

నడుముకు సామాను కట్టుకోవడం కొత్త ఆలోచన కాదు. 1991లో ఆల్ప్స్ పర్వతాల్లో, ఇటలీ ఆస్ట్రియా సరిహద్దు దగ్గర, మంచులో ఒక మనిషి శవం దొరికింది. ఓట్జీ అని పేరు పెట్టారు. 5,300 ఏళ్ళ కిందటివాడు. అతని నడుముకు దూడతోలు బెల్టు, దానికి కుట్టిన చిన్న తిత్తి ఉన్నాయి. తిత్తిలో ఏముందో వినండి: చెకుముకి రాతితో చేసిన గీకుడు పనిముట్టు, రంధ్రాలు వేసే రాతిమొన, సన్నటి రాతిపెచ్చు, ఎముకతో చేసిన దబ్బనం, నిప్పు రాజేసుకోవడానికి ఎండిన పుట్టగొడుగు. అంటే మీరు గీసిన మల్టీ టూల్ బెల్టు అప్పటికే తయారైపోయింది. అందులో పనికిరాని వస్తువు ఒక్కటి లేదని గమనించండి. కొండెక్కేవాడు దండగ బరువు మోయడు.

ఇక మన దగ్గరికి వద్దాం. కర్నూలు జిల్లా ఎమ్మిగనూరులో నీలకంఠేశ్వరస్వామి జాతరకు ఎద్దుల సంత జరుగుతుంది. మీలో ఆ వైపువాళ్ళు ఉంటే చూసే ఉంటారు. బేరగాళ్ళలో పాతకాలం వాళ్ళు పంచె మీద జానెడు కాకపోయినా బెత్తెడు వెడల్పున్న తోలు బెల్టు పెట్టుకుంటారు. దానికి ముందు వైపు రెండు మూడు అరలు, టిచ్ బటన్లు. ఒక అరలో నోట్లు, ఒక దాంట్లో చిల్లర, ఒక దాంట్లో ఇప్పుడైతే ఫోను.

ఆ మనిషి చేతుల్ని చూడండి. బేరం నోటితో జరగదు. తువ్వాలు కింద ఇద్దరూ చేతులు కలిపి వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు, పక్కవాడికి తెలియకూడదు కదా. కుడిచెయ్యి తువ్వాలు కింద ఉంది. ఎడమచేతిలో ఎద్దు పగ్గం ఉంది. బేరం తెగిందంటే బయానా వెంటనే పడాలి, ఆలస్యమైతే ఇంకొకడు వచ్చి "ఏమప్పా, ఇంకో వెయ్యి ఎక్కువిస్తా" అంటాడు. పగ్గం వదలకుండా, కిందికి చూడకుండా, ఒంటిచేత్తో బటన్ ఊడదీసి నోట్లు తియ్యాలి. అందుకే ఆ అరల మూత కిందికి దిగి ఉంటుంది, బటన్ బొటనవేలికి అందే చోట ఉంటుంది. అక్కడ జిప్పు పెట్టి చూడండి. జిప్పు లాగడానికి ఒక చెయ్యి, గుడ్డ బిగించి పట్టుకోవడానికి ఇంకో చెయ్యి కావాలి. ఆ బెల్టు కుట్టిన తోలుపని ఆయన ఎర్గనామిక్స్, అంటే వస్తువును మనిషి ఒంటికి, పనికి తగ్గట్టు తయారుచేసే శాస్త్రం, చదవలేదు, సంతలో నిలబడి చూశాడు. అంతే.

ఒంటిచెయ్యి అంటే ఇంకొకాయన గుర్తొస్తాడు. 1858లో, ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లో జరిగిన ఒక పోరులో శామ్ బ్రౌన్ అనే అశ్వికదళ అధికారికి ఎడమచెయ్యి తెగిపోయింది. కత్తి ఒర నడుముకు వేలాడుతూ ఉంటుంది. కుడిచేత్తో కత్తి దుయ్యాలంటే ఎడమచేత్తో ఒరను పట్టుకోవాలి. ఆ ఎడమచెయ్యే లేదు. అప్పుడాయన ఒర కదలకుండా బెల్టుకే బిగించే ఏర్పాటు చేసుకున్నాడు. ఒరా, తుపాకీ బరువుకి బెల్టు ఒక పక్కకు లాగేస్తుంది కాబట్టి కుడిభుజం మీదుగా ఒక సన్నటి పట్టీ వేసి, ఆ బరువును భుజానికి పంచాడు. తర్వాత రెండు చేతులూ ఉన్న అధికారులు కూడా అదే బాగుందని పెట్టుకోవడం మొదలుపెట్టారు. పరేడ్‌లో పోలీసు అధికారులు వేసుకునే క్రాస్‌బెల్ట్ చూశారు కదా, అది ఆయన పేరుతో నడిచే శామ్ బ్రౌన్ బెల్టే. చెయ్యి లేనివాడి కోసం పుట్టింది చేతులున్నవాడికి ఇంకా బాగా పనికొచ్చింది. ఈ మాట మీ నోట్సులో రాసుకోండి, మార్కులు రాకపోయినా ఫర్వాలేదు.

కాబట్టి నేను మీ డ్రాయింగుల్ని అడిగే ప్రశ్న ఒకటే. దీన్ని పెట్టుకునే మనిషి చేతులు ఆ సమయంలో ఏం చేస్తున్నాయి? జవాబు ఉంటే ఆ బెల్టు నిలుస్తుంది. లేకపోతే పుట్టినరోజు బహుమతిగా ఇచ్చి మర్చిపోయే వస్తువు అవుతుంది.

చేతులకు అసలు ఖాళీ లేని మనిషి ఎవరయ్యా అంటే కల్లుగీసేవాడు. తెలంగాణలో మోకు, ముస్తాదు అంటారు. మోకు చెట్టునీ మనిషినీ కలిపి చుట్టే తాడు. ముస్తాదు నడుముకు కట్టుకునేది, కత్తులు దాంట్లోనే ఉంటాయి, లొట్టి దానికే తగిలిస్తారు. వెనక్కి వాలినకొద్దీ మోకు చెట్టును గట్టిగా ఒరుసుకుంటుంది, జారదు. ఒకే నడుము మీద పట్టు, పనిముట్ల పెట్టె, మోత మూడూ ఉన్నాయి. అయినా పట్టు తప్పితే ప్రాణం పోతుంది. అందుకే 2024లో అక్కడి ప్రభుత్వం, గీసేవాళ్ళు చెట్టు మీంచి పడకుండా కాపాడే కాటమయ్య రక్షా కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది.

ఇక్కడ కాస్త ఆగుదాం, ఇది మీకు ఉద్యోగంలో పనికొచ్చే సంగతి. స్తంభం మీద మనిషిని నిలబెట్టే బెల్టు వేరు, కిందపడుతుంటే పట్టుకునేది వేరు. పడేటప్పుడు ఆ కుదుపంతా ఒక్క నడుము మీద పడితే లోపలి అవయవాలు దెబ్బతింటాయి, వెన్ను దెబ్బతింటుంది, ఒక్కోసారి మనిషి బెల్టులోంచి జారిపోతాడు కూడా. అమెరికాలో 1998 జనవరి 1 నుంచి, పడేవాణ్ణి ఆపడానికి ఒట్టి నడుము బెల్టు వాడకూడదని నిబంధన తెచ్చారు. తొడలకీ, ఛాతీకీ, భుజాలకీ బరువు పంచే హార్నెస్ ఉండాలి. మన దగ్గర వీటికి ఐఎస్ 3521 అనే ప్రమాణం ఉంది. మీ జట్టులో ఒకరు "మా బెల్టు అవసరమైతే మనిషిని కూడా ఆపుతుంది" అని రాశారు. ఆ వాక్యం ఈరోజే కొట్టెయ్యండి.

ఇప్పుడు కొంచెం లెక్క. రంధ్రాలు, ముల్లు లేని బెల్టు ఎలా నిలుస్తుంది? నవ్వారు లాంటి పట్టీకి రెండు డి రింగులు ఉంటాయి. పట్టీ రెండు రింగుల్లోంచీ వెళ్ళి, ఒకదాని మీదుగా తిరిగి, రెండోదాని కిందనుంచి వెనక్కి వస్తుంది. లాగినకొద్దీ పట్టీ తనను తానే నొక్కుకుంటుంది. బెదిరిన ఎద్దును పట్టడానికి పగ్గాన్ని గుంజకు రెండు చుట్లు తిప్పుతారే, అందులో ఉన్నదీ ఈ ఘర్షణే. ఘర్షణ గుణకం, అంటే తాడూ గుంజా ఎంత గట్టిగా ఒరుసుకుంటాయో చెప్పే అంకె, 0.3 అనుకోండి. ఒక చుట్టుకు మీ చేతిబలం దాదాపు 6.6 రెట్లవుతుంది. రెండు చుట్లకు 13 అనుకుంటారు, కాదు, 43 రెట్లు. చుట్టు పెరిగేకొద్దీ కూడిక కాదు, గుణకారం. మీ ల్యాబులో స్ప్రింగు త్రాసు ఉంది కదా, ఒక ఇనుప పైపు, మూరెడు తాడు తెచ్చుకుని చూడండి.

రాచెట్ బెల్టులు ఇప్పుడు ప్రతి షాపులో ఉన్నాయి. పట్టీ లోపలి వైపు పళ్ళు, బకిల్‌లో ఒక గడియ. సైకిల్ ఫ్రీవీల్‌లో ఉన్న ఏర్పాటే. మామూలు బెల్టుకు రంధ్రానికీ రంధ్రానికీ అంగుళం దూరం ఉంటుంది, దీనికి పావు అంగుళం. పెళ్ళిభోజనం తర్వాత దీని విలువ తెలుస్తుంది. నన్నడిగితే ఇటీవల వచ్చినవాటిలో అసలైన మెరుగుదల ఇదొక్కటే, ఎందుకంటే ఇది బెల్టు మొదటి పనినే ఇంకా బాగా చేస్తుంది.

మిగతావాటి గురించి త్వరగా చెప్తాను. పారాకార్డ్, అంటే పారాచూట్లకు వాడే సన్నటి నైలాన్ తాడుతో అల్లిన బెల్టులు ఉన్నాయి, అవసరమైతే విప్పితే మీటర్లకొద్దీ తాడు వస్తుంది, ఆ తాడు 550 పౌండ్లు, అంటే సుమారు 250 కిలోలు ఆపుతుందంటారు. బాగుంది. కానీ తాడు విప్పాక ప్యాంటు సంగతేంటి? సీసా మూత తీసే బకిల్ ఉంది. నలుగురిలో నిలబడి బెల్టు ఊడదీసి సోడా తాగాలా? మన గోలీసోడాకైతే ఆ బాధే లేదు. మంచు మీద పలక కట్టుకుని జారే ఆటగాళ్ళ కోసం 686 అనే కంపెనీ బకిల్‌లోనే స్క్రూడ్రైవరు, పానాలు పెట్టి అమ్మింది. నవ్వకండి, అది మంచి వస్తువు. కొండమీద స్క్రూ వదులైతే కిందికి పోయి పానా తెచ్చుకోలేరు, జేబులో పెట్టుకుంటే పడినప్పుడు గుచ్చుకుంటుంది. అవసరం ఉంది, చోటు ఉంది. అదే బకిల్‌ను అనంతపురం టవర్ క్లాక్ దగ్గర అమ్మితే ఎవడు కొంటాడు? పక్కనే మెకానిక్ ఉన్నాడు.

బకిల్‌లో కత్తి దాచేవి కూడా ఉన్నాయి. కేరళలో ఉరుమి అని నడుముకు చుట్టుకునే మెత్తటి కత్తే ఉంది, అది కళరి అనే అక్కడి యుద్ధవిద్యలోది, సాధన లేకుండా తిప్పితే తిప్పినవాడికే తగులుతుంది. మీరు మాత్రం ఆ జోలికి పోకండి. అసలే మన జిల్లాల పేరు చెప్తే చాలు, సినిమావాళ్ళు మన నడుము వైపు చూస్తారు. ఆ బెల్టుతో ఓర్వకల్లు విమానాశ్రయానికి వెళ్తే తనిఖీ దగ్గరే ఆపేస్తారు.

దాచుకోవడం గురించి ఒక ముచ్చట. 1939లో ఇంగ్లండ్‌లో సటన్ హూ అనే చోట మట్టిదిబ్బ తవ్వితే ఓడతో సహా ఒక సమాధి బయటపడింది. అందులో ఏడో శతాబ్దపు బంగారు బకిల్ ఉంది, 400 గ్రాముల పైనే. పైనంతా పాముల మెలికల నగిషీ. తిప్పి చూస్తే లోపల బోలు! వెనకపలక తెరుచుకుంటుంది, మూడు జారుడు గడియలతో మూసుకుంటుంది. ఏదో పవిత్రమైన వస్తువు దాచడానికేమో అని కొందరు పండితుల ఊహ. ఎందుకోసమైనా, గడియల పని చూడటానికే ఆ ఫోటో వెతకండి.

జపాన్‌వాళ్ళది ఇంకా తెలివైన పని. కిమోనోకు జేబులుండవు. మందులు, ముద్రలు పెట్టుకునే ఇన్‌రో అనే చిన్న అరలపెట్టెను దారానికి కట్టి, ఆ దారాన్ని నడికట్టు వెనకనుంచి పైకి తీసి, చివర నెట్సుకే అనే బొమ్మ కడతారు. బొమ్మ అడ్డుపడి పెట్టె జారదు. ఆ బొమ్మల్ని పట్టుకుని చూస్తే ఎక్కడా మొన ఉండదు, అన్నీ గుండ్రంగా నునుపుగా ఉంటాయి. మొన ఉంటే పట్టుబట్ట చిరుగుతుంది. మీ డ్రాయింగులో బకిల్ అంచుకు రంపప్పళ్ళు పెట్టినవాళ్ళు ఒకసారి కూర్చుని వంగి చూసుకోండి, పొట్ట చెప్తుంది.

జేబుల్లేని బట్ట అన్నచోటే బెల్టుకు తెలివి వచ్చింది. హజ్‌కు వెళ్ళే మగవాళ్ళు ఇహ్రామ్‌లో కుట్టని బట్టలు రెండు కట్టుకుంటారు, అందుకే రియాళ్ళు, కాగితాలు, ఫోను పెట్టుకునే అరల బెల్టు వాళ్ళందరికీ కావాలి. కడపలో హజ్‌కు వెళ్ళొచ్చిన పెద్దవాళ్ళున్న ఇల్లు ఏదైనా అడగండి, ఆ బెల్టు తీసి చూపిస్తారు. మన అమ్మమ్మలు తాళాలగుత్తిని వెండి కొక్కేనికి తగిలించి బొడ్లో దోపుకునేవాళ్ళు. ఈ హాల్లో కూర్చున్న ఆడపిల్లల్ని అడుగుతున్నాను, మీ చుడీదార్లకు సరైన జేబు ఎంతమందికి ఉంది? చూశారా, ఒక్క చెయ్యీ లేవలేదు. అయినా మీ డ్రాయింగులన్నీ మగవాళ్ళ ప్యాంటుకే గీశారు, ఆడపిల్లలున్న జట్టు కూడా!

సరుకు గురించి రెండు మాటలు. బజారులో తోలు అని అమ్మేదాంట్లో చాలావరకు తోలు పొడిని జిగురుతో అతికి పైన రంగు పూసింది, లేదంటే ఒట్టి రెగ్జిన్. అరలు మోసే బెల్టుకు అది పనికిరాదు, కుట్టు దగ్గరే చిరుగుతుంది. మూడున్నర, నాలుగు మిల్లీమీటర్ల మందమున్న అసలు తోలు కావాలి. మన దక్షిణాదిలో పచ్చితోలును పదును చేయడానికి తంగేడు బెరడు వాడేవాళ్ళు. మన మిట్టల మీద ఎక్కడ చూసినా తంగేడే, పూలు కోసుకోవడానికి తప్ప దాని వైపు చూడం. బకిల్‌కు జింకు పోతపోసినవి చవక, కానీ ముల్లు తిరిగే చోట విరుగుతాయి. ఇత్తడి గానీ స్టీలు గానీ వాడండి.

చివరగా ఒక పని అప్పజెప్తాను. ఆదోని, ఆలూరు వైపు పత్తి తీసే ఆడవాళ్ళు కొంగును నడుముకు బిగించి ఒడి కట్టుకుంటారు. రెండు చేతులా పత్తి తీస్తూ ఒడిలో వేస్తూ పోతారు. ఒడి నిండేకొద్దీ బరువంతా ముందుకు లాగుతుంది, నడుము వంగుతుంది. డబ్బులు, ఫోను ఇంకో చిన్న సంచిలో బొడ్లో ఉంటాయి, వంగినప్పుడల్లా గుచ్చుకుంటాయి. బరువును కటి ఎముకల మీదకు దించే వెడల్పు నడికట్టు, ఒంటిచేత్తో ఊడదీసి గంపలో కుమ్మరించగలిగే సంచి, పక్కన ఫోనుకో అర. శామ్ బ్రౌన్ లెక్కా, సంత బెల్టు లెక్కా ఇందులో పనికొస్తాయి. ధర మాత్రం ఒక రోజు కూలికి మించకూడదు. ముందు చేలోకి వెళ్ళండి, ఒడి నిండినప్పుడు ఎన్ని కిలోలవుతుందో, గంటకు ఎన్నిసార్లు కుమ్మరిస్తారో వాళ్ళనే అడిగి రాసుకోండి. తూకం మిషను మీ ల్యాబులోదే తీసుకెళ్ళండి, సార్‌కి నేను చెప్తాను. డ్రాయింగు షీటు ఆ తర్వాత తీయండి.