కారు కిందికి దించాలా? తక్కువ బడ్జెట్‌లో కాయిల్‌ఓవర్ కొనేముందు

(స్టూడియో చర్చ. పాల్గొన్నవారు: హైదరాబాద్‌లో సస్పెన్షన్ పనులు చేసే మెకానిక్, ఆటోమొబైల్ ఇంజినీర్, మోటారు వాహనాల కేసులు చూసే లాయర్. విశాఖపట్నం నుంచి ఫోన్ లైన్‌లో ఒక ఫోక్స్‌వ్యాగన్ పోలో కారు యజమాని.)

యాంకర్: నమస్కారం. విశాఖ నుంచి కాలర్ సిద్ధంగా ఉన్నారు. ఆయన ప్రశ్నతోనే మొదలుపెడదాం. చెప్పండి.

కాలర్: నమస్తే అండీ. నాది 2017 మోడల్ పోలో. టైరుకీ, దాని పైనుండే బాడీ రేకు ఫెండర్‌కీ మధ్య అంత ఖాళీ చూస్తుంటే నాకు నచ్చట్లేదు. కాయిల్‌ఓవర్, అంటే స్ప్రింగూ డ్యాంపరూ (షాక్ అబ్జార్బర్) కలిపి ఎత్తు మార్చుకునేలా ఇచ్చే సెట్, వేయిద్దామని ఉంది. అరవై వేలు దాటి పెట్టలేను. పెద్దగా పేరు వినని కంపెనీ సెట్ ఒకటి ఆ ధరలో ఉంది. డ్యాంపింగ్‌కి, అంటే స్ప్రింగ్ ఊగకుండా ఆపే గట్టిదనానికి, 30 క్లిక్‌ల అడ్జస్ట్‌మెంట్ అంటున్నారు. తీసుకోవచ్చా?

మెకానిక్: వద్దు తమ్ముడూ. క్లిక్‌లు లెక్కపెట్టి కొనేవాళ్లను చాలామందిని చూస్తుంటాను. చవక సెట్లలో నాబ్ తిప్పితే టక్ టక్ అని వినిపిస్తుంది. లోపల వాల్వ్‌లో మార్పు మాత్రం చివరి నాలుగైదు క్లిక్‌లలోనే తెలుస్తుంది. పైగా నాలుగు డ్యాంపర్లూ ఒకేలా పనిచేస్తాయన్న నమ్మకం ఉండదు.

ఇంజినీర్: దానికి రుజువు అడగొచ్చు. డ్యాంపర్‌ని డైనో అనే పరీక్ష యంత్రం మీద నడిపి తీసిన గ్రాఫ్ ఉంటుంది. అమ్మేవాళ్లు అది చూపించలేకపోతే ఆ 30 అంకెకు విలువ లేదు. జర్మన్ కంపెనీల కాయిల్‌ఓవర్లు బిల్‌స్టైన్ బీ14, కేడబ్ల్యూ వేరియంట్ 1 చూడండి. రెండింటికీ మంచి పేరుంది, రెండింటిలోనూ డ్యాంపింగ్ అడ్జస్ట్‌మెంట్ లేనే లేదు. స్ప్రింగ్‌కి ఏది సరిపోతుందో కంపెనీయే తేల్చి, వాల్వ్ సెట్ చేసి ఇస్తుంది. రోడ్డు మీద తిరిగే కారుకి కావలసింది అదే.

యాంకర్: కానీ మేడం, జర్మన్ సెట్ అరవై వేలకి రాదు కదా?

ఇంజినీర్: రాదు. ఆ సంగతికి వస్తాను. ముందు ఆయన ఎంత దించాలనుకుంటున్నారో తెలియాలి.

కాలర్: ఒక యాభై, అరవై మిల్లీమీటర్లు.

ఇంజినీర్: ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. మన దేశంలో అమ్మిన పోలోని మన రోడ్ల కోసం యూరప్ పోలో కంటే ఎత్తుగా ఇచ్చారు. డబ్బా మీద 40 మి.మీ. దిగుతుందని రాసి ఉంటే, అది యూరప్ కారు ఎత్తు నుంచి లెక్క. మీ కారుకి అదే సెట్ వేస్తే, చూడటానికి 40 కంటే ఎక్కువే దిగుతుంది. మీ కారు గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకీ కారు అడుగుకీ మధ్య ఖాళీ, దాదాపు 165 మి.మీ. అరవై తీసేస్తే ఏం మిగిలింది? దాని మీద నలుగురు కూర్చుంటే?

మెకానిక్: స్పీడ్ బ్రేకర్‌కి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పెట్టిన కొలతలున్నాయి. బండి వెళ్లే దిశలో వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు. కాలనీల్లో జనం వేసుకునేవి ఆ కొలతలో ఉండవు. ఇరుకుగా, నిట్టనిలువుగా ఉంటాయి. ముందు చక్రాలు దాటేస్తాయి, ఆ తర్వాత ఇంజన్ కింద నూనె ఉండే తొట్టి, ఆయిల్ సంప్, తగులుతుంది.

ఇంజినీర్: నేల తగలడం బయటికి కనిపించే నష్టం. లోపల జరిగేది ఇంకోటి. ముందు ఒక్కో చక్రం మీద 300 కిలోల భారం ఉందనుకుందాం. ఒక్కో మిల్లీమీటరు కుదించడానికి 3 కిలోల భారం కావాల్సిన స్ప్రింగ్ అయితే 100 మి.మీ. కుదించుకుని ఆ భారాన్ని మోస్తుంది. కారు దించే సెట్లలో ఉండేలాంటి గట్టి స్ప్రింగ్, 6 కిలోలది అయితే 50 మి.మీ.కే ఆగుతుంది. చక్రం గుంతలో పడ్డప్పుడు స్ప్రింగ్ ఆ 50 వరకే సాగగలదు. అది దాటితే స్ప్రింగ్ తాను కూర్చునే కప్పులో వదులై, మళ్లీ భారం పడగానే టక్కుమంటుంది. మంచి సెట్లలో దీనికోసం హెల్పర్ స్ప్రింగ్ అని చిన్నది, మెత్తటిది పెడతారు. చవక వాటిలో అది ఉందో లేదో చూసుకోండి. అందుకే నేను మొదట అడిగేది ఇది: ఆ ఎత్తులో నిలబెట్టాక డ్యాంపర్ రాడ్ పైకీ కిందికీ ఇంకా ఎంత కదలగలదు? పైకి కదలడానికి చోటు లేకపోతే కారు స్ప్రింగ్ మీద నడవదు, రాడ్ చివరిదాకా వచ్చి కొట్టుకోకుండా పెట్టే బంప్ స్టాప్ రబ్బరు మీద నడుస్తుంది.

యాంకర్: స్ప్రింగ్ కాలర్, అంటే స్ప్రింగ్ కింద ఉండే రింగు, తిప్పి ఎత్తు మార్చుకోవచ్చు అంటారు కదా?

మెకానిక్: రెండు రకాలుంటాయన్నా. ఒక రకంలో స్ప్రింగ్ కింది కాలర్ తిప్పే కారు దించుతాం. అప్పుడు రాడ్ కదిలే చోటు తగ్గిపోతుంది. ఇంకో రకంలో స్ప్రింగ్ బిగింపు అలాగే ఉంచి, కింద ఉన్న బ్రాకెట్‌ని డ్యాంపర్ బాడీ మీది మర గాట్ల (థ్రెడ్ల) మీద తిప్పి మొత్తం పొడవు మారుస్తాం. టీన్ ఫ్లెక్స్ జెడ్, బీసీ రేసింగ్ బీఆర్ అనే సెట్లు ఈ రెండో రకం. కొనేవాళ్లు ముందు అడగాల్సింది ఇదే, క్లిక్‌ల సంగతి తర్వాత. ఇంకొకటి తమ్ముడూ, నీ పోలో వెనకాల రెండు చక్రాలనీ కలిపే దూలం, టోర్షన్ బీమ్ ఉంటుంది. స్ప్రింగ్ వేరు, డ్యాంపర్ వేరు. కాయిల్‌ఓవర్ అని పేరే గానీ, వెనక వచ్చేది ఎత్తు మార్చుకునే స్ప్రింగ్ కప్పు, ఒక డ్యాంపర్, అంతే.

ఇంజినీర్: మరీ దించితే ముందు చక్రాన్ని కింద పట్టుకునే లోయర్ ఆర్మ్ చక్రం వైపు పైకి వాలుతుంది. అప్పుడు రోల్ సెంటర్, అంటే కారు ఏ బిందువు చుట్టూ పక్కకి ఒరుగుతుందో అది, కారు బరువు కేంద్రం కంటే ఎక్కువగా కిందికి పోతుంది. కారు కిందికి దిగినా, మలుపులో ఒరిగే గుణం పెరుగుతుంది. ఇంజన్ శక్తిని చక్రాలకి చేర్చే డ్రైవ్ షాఫ్ట్ జాయింట్ల కోణం కూడా మారుతుంది. 25, 30 మి.మీ. దాటకండి. ఫెండర్ ఖాళీ తగ్గినట్టు కనిపించడానికి అది చాలు.

లాయర్: నేను ఆపాల్సిందే, క్షమించండి. ఇరవై ఐదా, అరవయ్యా అన్నది చట్టం అడగదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ అసలు స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే మాట గట్టిగా చెప్పింది. సెక్షన్ 182ఏ(4) కింద ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ.

మెకానిక్: సార్, పాడైన డ్యాంపర్ తీసి కొత్తది వేస్తే కూడా కేసేనా?

లాయర్: అదే స్పెసిఫికేషన్‌తో వేస్తే అది రిపేరు. ఎత్తు మారిస్తే ఆల్టరేషన్, నా వాదన అదే. పని మొదలుపెట్టే ముందే ఆర్టీవోని రాతపూర్వకంగా అడగండి, బీమా కంపెనీకి కూడా తెలియజేయండి. ప్రమాదం జరిగాక బీమా సర్వేయర్ కళ్లలో పడితే క్లెయిమ్ దగ్గర గొడవ మొదలవుతుంది.

కాలర్: నేను చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌లో సొంత కారు నడుపుకునే ట్రాక్ డేలకి కూడా వెళ్తుంటాను సార్.

లాయర్: ట్రాక్ మీద వేరు. అక్కడి వరకు ఆ కారు నడుపుకుంటూ వెళ్లే రోడ్డు మాత్రం పబ్లిక్ రోడ్డే.

యాంకర్: సరే, అనుమతి దొరికిందనుకుందాం. అరవై వేలతో ఏం కొనాలి?

మెకానిక్: మంచి కంపెనీ లోయరింగ్ స్ప్రింగులు, అంటే కారుని దించే స్ప్రింగులు, వాటికి సరిపోయే పొట్టి డ్యాంపర్లు. మా దగ్గరికి వచ్చే చాలామంది స్ప్రింగులు మార్చి పాత డ్యాంపర్లే ఉంచమంటారు...

ఇంజినీర్: 2017 కారుకి అలా అసలు చేయకండి. అవి ఇప్పటికే అలసిపోయి ఉంటాయి. గట్టి స్ప్రింగ్ తిరిగి సాగకుండా అదుపు చేసే శక్తి వాటికి లేదు.

మెకానిక్: నేనూ అదే చెప్పబోతున్నాను మేడం. డబ్బు చాలకపోతే ముందు డ్యాంపర్లు కొను తమ్ముడూ, స్ప్రింగులు తర్వాత. సెకండ్ హ్యాండ్ కాయిల్‌ఓవర్ వస్తే రాడ్ మీద వేలితో తడిమి చూడు. చిన్న గుంటలు తగిలినా, సీల్ దగ్గర నూనె తడి ఉన్నా వదిలెయ్. సీళ్లు మార్చే వీలున్న మోడలా, లేక ఫ్లెక్స్ జెడ్‌లాగా విప్పడానికి వీల్లేకుండా మూసేసిన బాడీయా అన్నది కూడా అడుగు.

కాలర్: మాది బీచ్ దగ్గరే అన్నా. తుప్పు?

మెకానిక్: ఉప్పు గాలికి ఇనుప మరలు (థ్రెడ్లు) తుప్పుతో పట్టేస్తాయి. తర్వాత స్ప్రింగ్ కాలర్ తిరగదు, ఎత్తు మార్చే సౌకర్యం కోసం పెట్టిన డబ్బు వృథా. కేడబ్ల్యూ బాడీ స్టెయిన్‌లెస్ స్టీల్. మిగతా ఏది వేసినా మరలకి గ్రీజు పూసి కవర్ తొడిగించు, వానాకాలం అయ్యాక విప్పి కడిగించు. విశాఖలో స్ప్రింగులూ డ్యాంపర్లే నీకు నయం, పట్టేయడానికి మరలే ఉండవు.

ఇంజినీర్: డ్యాంపర్‌ని పైన బాడీకి బిగించే స్ట్రట్ మౌంట్, బేరింగ్ కొత్తవి వేయించండి. రబ్బరు లేని అల్యూమినియం పిల్లో బాల్ మౌంట్ రోడ్డు కారుకి వద్దు, ప్రతి గతుకూ లోపలికి వినిపిస్తుంది. బిగించిన కొన్నాళ్లకు స్ప్రింగులు సర్దుకుని కారు ఇంకొంచెం దిగుతుంది. వీల్ అలైన్‌మెంట్ అప్పుడు మళ్లీ చేయించాలి. టో, అంటే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, తప్పితే టైరు లోపలి అంచు అరిగిపోతుంది, బయటి నుంచి అది కనపడదు. ముందు, వెనకల ఎత్తు వేరువేరుగా మారితే హెడ్‌లైట్ కాంతి దిశ కూడా మారుతుంది, అదీ సరిచేయించండి.

కాలర్: అయితే డ్యాంపర్లతో మొదలుపెడతాను. ముందు ఆర్టీవో ఆఫీసుకి వెళ్లొస్తాను.

లాయర్: అర్జీ ఇచ్చాక రసీదు తీసుకోండి.