హేర్‌కాసిల్ కొండ కింద నలభై నిమిషాలు

అందరికీ నమస్కారం.

గోదావరి జిల్లాల వాళ్లకు లాకులంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. గట్టు మీద మనుషులు భుజాన తాడు వేసుకుని పడవలు లాగడం మా తాతల తరం కళ్లారా చూసింది. అందుకే ఇంగ్లండ్‌లో స్టోక్-ఆన్-ట్రెంట్ దగ్గర ట్రెంట్ అండ్ మెర్సీ కాలువలో పడవెక్కినప్పుడు అంతా తెలిసినట్టే ఉంది. ఆ కాలువ కాస్తా సొరంగంగా మారి నేరుగా హేర్‌కాసిల్ కొండలోకి దూరిపోయేసరికి మాత్రం గుండె ఝల్లుమంది.

సొరంగం ఉత్తరం కొసన ఉన్న ఊరు కిడ్స్‌గ్రోవ్. ఆ వైపు నీళ్లు తుప్పు రంగులో ఉంటాయి. వరద గోదారి ఎర్రనీరు గుర్తొచ్చింది కానీ, ఇది కొండలోని ఇనుము రంగు. సొరంగం కాపలాదారు మా హారన్, హెడ్‌లైట్, లైఫ్ జాకెట్లు అన్నీ చూశాకే వదిలాడు. లోపల రెండు పడవలు ఎదురుపడితే తప్పుకునే చోటు లేదు. అందుకే ఒక్కోసారి ఒక్క వైపు నుంచే పంపుతారు. పడవ వెడల్పు ఏడడుగులే. చుక్కాని పట్టుకున్న మనిషి మధ్యలో తల బాగా వంచాలి. రెండున్నర కిలోమీటర్లకు పైగా చీకటి, ఇంజిన్ మోత, మెడ మీద పడే చల్లటి చుక్కలు. నాకైతే టెన్షన్‌తో చేతులు బిగుసుకుపోయాయి.

మేం వెళ్లింది 1827లో థామస్ టెల్‌ఫర్డ్ అనే ఇంజినీరు పూర్తి చేసిన సొరంగంలో. దాని పక్కనే ఇంకా పాతది ఉంది. నా మనసంతా దాని మీదే.

ఈ ఊళ్లలో కుండలు, పింగాణీ చేసేవాళ్లు. గుర్రాల వీపున వేసి గతుకుల దారిలో పంపితే సగం దారిలోనే పగిలేవి. పింగాణీ తయారీదారు జోసయ్యా వెడ్జ్‌వుడ్ లాంటి వాళ్లు కాలువ కోసం పట్టుబట్టింది అందుకే. జేమ్స్ బ్రిండ్లీ అనే మిల్లు మేస్త్రి పని మొదలుపెట్టాడు. ఆయనకు చదువు అంతంతమాత్రం. కొండ మీంచి బావుల్లా తవ్వుకుంటూ దిగి, అడుగు నుంచి రెండు వైపులా తొలుచుకుంటూ పోయారు. గట్టి రాయి అడ్డొచ్చింది, నీరు ముంచెత్తింది. 1772లో బ్రిండ్లీ చనిపోయాడు. పని ముగించింది ఆయన బావమరిది హ్యూ హెన్షాల్, 1777లో.

ఆ సొరంగంలో గుర్రం నడవడానికి గట్టు లేదు. గుర్రాన్ని విప్పి కొండ మీదుగా నడిపించేవారు. ఆ దారిని ఇప్పటికీ బోట్‌హార్స్ రోడ్ అనే అంటారు. మరి పడవ సంగతి? మనుషులు పలక మీద వెల్లకిలా పడుకుని, సొరంగం గోడలకు కాళ్లు తన్నిపెట్టి, అడుగులు వేస్తూ పడవను ముందుకు నెట్టేవాళ్లు. టన్నుల కొద్దీ సరుకు. గంటల తరబడి అదే పని. ఒక్కసారి ఇంట్లో నేల మీద పడుకుని గోడ మీద పది నిమిషాలు అలా నడిచి చూడండి. నేను చూశాను, తొడలు వణికిపోయాయి.

టెల్‌ఫర్డ్ సొరంగంలో గుర్రాల గట్టు కట్టాక ఆ పాట్లు తగ్గాయి. 1914 నుంచి 1954 దాకా కరెంటు పడవ మిగతావాటిని లాగింది. ఆ తర్వాత ఫ్యాన్లు వచ్చాయి. దక్షిణం కొసన తలుపులు మూసి, పెద్ద ఫ్యాన్లతో పొగ లాగేస్తారు. మా పడవ దగ్గరకు చేరగానే ఆ తలుపులు తెరుచుకున్నాయి. వెలుగు ఒక్కసారిగా కళ్లలో పడింది.

పడవ కట్టేసి, బోట్‌హార్స్ రోడ్ మీదుగా కొండెక్కి, కిడ్స్‌గ్రోవ్‌కు నడిచి వెళ్లాను. బ్రిండ్లీ సొరంగంలోకి ఇప్పుడు పడవలు పోవు. దాని మూతి దగ్గర చాలాసేపు నిలబడ్డాను. లోపలి నుంచి అదే ఎర్రనీరు వస్తూనే ఉంది.