బేస్ గిటార్ బ్రిడ్జ్‌కు ఇత్తడి సాడిళ్లు: కొలత నుంచి లేత్ దాకా

నమస్కారం. ఈ బల్ల మీద మీకు కనిపిస్తున్నవి రెండు ఇత్తడి ముక్కలు. ఎడమ వైపున్నది ఇప్పుడు నా బేస్ గిటార్ బ్రిడ్జ్‌లో పనిచేస్తున్న నాలుగు సాడిళ్లలో ఒకటి. తీగల చివర, గిటార్ చెక్కకు బిగించి ఉండే లోహపు అమరికే బ్రిడ్జ్; దాని పలక మీద ఒక్కో తీగ కింద కూర్చునే ముక్క సాడిల్. మీకు చూపించడానికే విప్పి తెచ్చాను. కుడి వైపున్నది పనికిరాకుండా పోయింది. రెండూ ఒకే రాడ్ నుంచి, ఒకే లేత్ మీద, ఒకే పనివాడి చేతిలో తయారయ్యాయి. తేడా అంతా నేను రాసిచ్చిన కొలతలోనే ఉంది కాబట్టి, ఈ వీడియోలో ఎక్కువ సమయం కొలతల గురించే మాట్లాడతాను.

ముందుగా, విడిభాగాన్ని ఎప్పుడు చేయించుకోవాలి, ఎప్పుడు కొనుక్కోవాలి అన్నది చూద్దాం. 1951లో కాలిఫోర్నియాలో లియో ఫెండర్ సంస్థ విడుదల చేసిన ప్రెసిషన్ బేస్‌కు 34 అంగుళాల తీగ పొడవు, అంటే దాదాపు 864 మిల్లీమీటర్లు ఉండేది. ఆ తర్వాత వచ్చిన బేస్ గిటార్లలో అధిక భాగం దాన్నే ప్రమాణంగా తీసుకున్నాయి. అలాగే నాలుగు తీగల బేస్‌లో తీగకూ తీగకూ మధ్య 19 మిల్లీమీటర్లు, బ్రిడ్జ్‌కు ఐదు స్క్రూలు అనే అమరిక ఉన్నవారికి జపాన్‌కు చెందిన గోటో, అమెరికాకు చెందిన హిప్‌షాట్, జర్మనీకి చెందిన షాలర్ వంటి సంస్థల బ్రిడ్జ్‌లు సిద్ధంగా దొరుకుతాయి. అలాంటివారు లేత్ షాపు చుట్టూ తిరగనక్కరలేదు. తీగలు బిగించే ట్యూనర్లనైతే ఎవరూ చేయించవద్దనే చెబుతాను. వాటి లోపల ఉండే వర్మ్ గేరును నాలుగు ముక్కల కోసం ఖచ్చితంగా కోసి ఇవ్వడం చిన్న షాపుకు సాధ్యపడే పని కాదు.

నా పరిస్థితి వేరు. ఒక చర్చి వాద్యబృందం చాలా ఏళ్లు వాడి అమ్మేసిన బేస్ ఇది. దీని బ్రిడ్జ్ స్క్రూ రంధ్రాలు బజారులో దొరికే దేనికీ సరిపోవు. తీగల మధ్య దూరం 18 మిల్లీమీటర్లే. పాత సాడిళ్లు జింక్ మిశ్రమంతో పోత పోసినవి. ఒకదానిలో మర, అంటే స్క్రూ పట్టే చుట్ల గాడి, అరిగిపోవడంతో, ఎత్తు సరిచేసే స్క్రూ వాయిస్తుండగానే కిందికి జారి, తీగ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీలకు, అంటే ఫ్రెట్లకు తగిలేది. కొత్త బ్రిడ్జ్ పెట్టాలంటే చెక్కలోని పాత రంధ్రాలను పూడ్చి కొత్తవి వేయాలి. బాగున్న చెక్కను తొలిచేందుకు నాకు మనసు ఒప్పలేదు. అందుకే పలకను అలాగే ఉంచి, సాడిళ్లను మాత్రమే కొత్తగా చేయించాలని నిర్ణయించుకున్నాను.

ఇక కొలతలు. తీగల మధ్య దూరాన్ని ఒక తీగ నడిమి నుంచి మరో తీగ నడిమికి తీసుకోవాలి. చాలామంది స్కేలును లావు తీగ బయటి అంచు నుంచి సన్న తీగ బయటి అంచు దాకా పెట్టి, వచ్చినదాన్ని మూడుతో భాగిస్తారు. లావు తీగ మందం దాదాపు 2.7 మిల్లీమీటర్లు, సన్న తీగ మందం 1.1 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి, అలా కొలిస్తే రెండింటి మందంలో సగం సగం కలిసిపోయి, నా బేస్‌లో 54 రావలసిన చోట 55.9 వస్తుంది. దాన్ని మూడుతో భాగిస్తే 18 బదులు 18.6 అవుతుంది. ఆ వెడల్పుతో నాలుగు సాడిళ్లు చేయిస్తే మొత్తం 74.4 మిల్లీమీటర్లు, నా బ్రిడ్జ్ పలక లోపలి వెడల్పు 72.5 మాత్రమే. ఈ చిక్కు రాకూడదనే నేను మందపాటి అట్టతో నాలుగు నమూనాలు కోసి, పలకలో పేర్చి చూసుకున్న తర్వాతే 18.0 అని రాశాను.

పొరపాటు మరలో జరిగింది. ఎత్తు సరిచేసే పాత స్క్రూను వెర్నియర్‌తో కొలిస్తే 3.5 మిల్లీమీటర్లు వచ్చింది. నేను కాగితం మీద ఎం 3.5, అంటే 3.5 మిల్లీమీటర్ల మెట్రిక్ మర అని రాశాను. పనివాడు అలాగే ట్యాప్ (రంధ్రంలో మర కోసే పనిముట్టు) వేశాడు. స్క్రూ రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోయింది, బలవంతంగా తిప్పితే లోపలి మర చెడిపోయింది. ఆ స్క్రూ మెట్రిక్ కాదు, అంగుళాల లెక్కలోని 6-32 అనే రకం. దాని వ్యాసం కూడా దాదాపు 3.5 మిల్లీమీటర్లే, కానీ మర చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరం 0.79 మిల్లీమీటర్లు, ఎం 3.5లో అది 0.6 మాత్రమే. కాబట్టి వ్యాసం ఒక్కటే కొలిచి ఎప్పుడూ నమ్మవద్దు. మర గేజ్ లేకపోతే స్క్రూను స్కేలు పక్కన ఆనించి పది చుట్లు ఎంత దూరం వచ్చాయో చూడండి: దాదాపు 8 మిల్లీమీటర్లు వస్తే 6-32, 6 మిల్లీమీటర్లు వస్తే ఎం 3.5. మిగిలిన ముక్కలకు నేను పాత స్క్రూలను పక్కన పెట్టేశాను. 2.5 మిల్లీమీటర్ల డ్రిల్, ఎం 3 ట్యాప్, కొత్త స్టెయిన్‌లెస్ గ్రబ్ (తల లేని) స్క్రూలు. ఇవి హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరుకుతాయి, 1.5 మిల్లీమీటర్ల అలెన్ కీతో తిరుగుతాయి.

లోహం సంగతికి వస్తే, ఇత్తడి లేత్ మీద తేలికగా తెగుతుంది, మర శుభ్రంగా వస్తుంది. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు కోస్తున్నకొద్దీ గట్టిపడే గుణం గలది. ఇంత చిన్న రంధ్రంలో ట్యాప్ విరిగితే ముక్క వృథా అవుతుంది. 10 మిల్లీమీటర్ల రాడ్ నుంచి 18 మిల్లీమీటర్ల పొడవు ముక్క తీస్తే ఇత్తడిది దాదాపు 12 గ్రాములు, అదే కొలతలో జింక్ మిశ్రమానిది 9 గ్రాములు, అల్యూమినియానిది 4 గ్రాముల లోపు తూగుతుంది. ఇత్తడి పెడితే నాదం పూర్తిగా మారిపోతుందని చెప్పేవారున్నారు. నాలుగు కిలోల వాద్యంలో మొత్తం 12 గ్రాముల తేడా అంత పని చేస్తుందని నేను అనుకోను. సాడిల్ పలక మీద కదలకుండా కూర్చోవడం వల్ల వచ్చే మార్పు మాత్రం నా చెవికి స్పష్టంగా వినిపించింది.

హైదరాబాద్‌లో బాలానగర్ వంటి చోట వందల సంఖ్యలో ముక్కలు చేసే షాపులకు నాలుగు ముక్కల పని భారమే. యంత్రాన్ని అమర్చుకునే సమయం నాలుగింటికైనా నాలుగు వందలకైనా ఒకటే కాబట్టి, అడిగిన ధర ఎక్కువనిపించినా బేరమాడకుండా ఇవ్వడం న్యాయం. నేను కాగితంతో పాటు బేస్‌ను కూడా తీసుకెళ్లాను. "ఇది ఏ బండిది సార్?" అని లేత్ పనిచేసే ఆయన అడిగితే, "బండిది కాదన్నా, తీగ కింద కూర్చునే ముక్క" అని చెప్పి, బల్ల మీద పెట్టి మీటి చూపించాను. ఆ తర్వాత తీగ ఆనే గాడి అంచును గుండ్రం చేయకపోతే తీగ అక్కడే తెగుతుందని ఆయనే నాకు చెప్పారు. ఆ సూచన నా బొమ్మలో లేదు.

ఆ గాడి గురించి ఇంకొంచెం చెప్పాలి. మన వీణలో తీగలు ఆనే గుర్రం మీద లోహపు రేకు ఉంటుంది కదా, దాని పైభాగం కాస్త వంపుగా ఉండి, తీగ దాని మీద ఒరుసుకుంటూ కదలడం వల్లే వీణకు ఆ నిండుదనం వస్తుంది. బేస్‌లో కావలసింది ఇందుకు విరుద్ధం. తీగ ఒకే గీత దగ్గర సాడిల్‌ను విడిచి ముందుకు సాగాలి. గాడి ముందుభాగం చదునుగా ఉంటే, 41 హెర్ట్జ్ దగ్గర మోగే లావు తీగ జరజరలాడుతుంది. గాడి లోతు తీగ మందంలో సగానికి మించనక్కరలేదు.

పై పూత వేయించేవారు ఒక లెక్క గుర్తుంచుకోవాలి. మర ఏటవాలుగా ఉంటుంది కాబట్టి, దాని మీద పడిన పూత మందానికి నాలుగు రెట్ల మేర మర బిగుతవుతుంది. 10 మైక్రాన్ల నికెల్ వేస్తే 40 మైక్రాన్ల తేడా వస్తుంది. ఎం 3 మరలో స్క్రూ పట్టేయడానికి అది చాలు. రంధ్రాలు మూసి పూత వేయమనండి, లేదా తర్వాత మళ్లీ ట్యాప్ తిప్పించండి. నేను అసలు పూతే వేయించలేదు. చెమటకు ఇత్తడి నల్లబడుతుంది, విప్పి చింతపండుతో తోమి, కడిగి, పూర్తిగా ఆరబెడితే మళ్లీ మెరుస్తుంది. బ్రిడ్జ్ మీద ఉండగా మాత్రం తోమకండి, పులుపు స్క్రూల్లోకి దిగుతుంది.

అల్యూమినియంతో బ్రిడ్జ్ పలకే చేయించి, రంగు కోసం ఆనోడైజింగ్ (విద్యుత్తుతో పైన గట్టి పొర ఏర్పరచడం) చేయించాలనుకునేవారికి ఒక హెచ్చరిక. ఆ పొర విద్యుత్తును ప్రసరించనివ్వదు. పికప్‌ల (తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగాల) వైరింగ్ నుంచి వచ్చే ఎర్త్ తీగ బ్రిడ్జ్ కిందే ఆనుతుంది కాబట్టి, అక్కడ పొరను గీకి లోహం బయటపడేలా చేయాలి. సాడిళ్లు ఆనే చోట కూడా అలాగే చేయాలి. లేకపోతే తీగలకు ఎర్త్ అందక, తీగల మీద చేయి పెట్టినా ఆంప్లిఫైయర్‌లో గుయ్యిమనే మోత తగ్గదు. మల్టీమీటర్ ఒక కొస తీగకు, మరో కొస జాక్ (కేబుల్ గుచ్చే చోటు) బయటి లోహానికి పెట్టి చూస్తే క్షణంలో తెలిసిపోతుంది.

సాడిళ్లు బిగించాక శ్రుతి సరిచేయడం మామూలే: 12వ ఫ్రెట్ దగ్గర నొక్కిన స్వరం, అక్కడే నొక్కకుండా తాకి పలికించిన హార్మోనిక్ కన్నా హెచ్చుగా ఉంటే సాడిల్‌ను వెనక్కి జరపాలి, తగ్గుగా ఉంటే ముందుకు తేవాలి. లావు తీగ సాడిల్ మిగతావాటికన్నా వెనకగా ఆగుతుంది, అది సహజమే. నాలుగు తీగలూ కలిసి 70 నుంచి 80 కిలోల బరువుతో లాగుతుంటాయి కాబట్టి, వారం తర్వాత స్క్రూలన్నీ ఇంకోసారి చూసుకోండి. నా బేస్‌లో రెండు స్క్రూలు పావు చుట్టు వదులయ్యాయి.

ఇప్పుడు ఒకే వరుసను రెండుసార్లు వినిపిస్తాను. మొదటిది పాత జింక్ సాడిళ్లు తీసే ముందు రికార్డు చేసుకున్నది, రెండోది ఇత్తడి సాడిళ్లతో వాయించింది. తీగలు, ఆంప్లిఫైయర్ అమరిక రెండింటికీ ఒకటే. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, లావు తీగ మోత ఆగిపోయే చివరి క్షణం మీద దృష్టి పెట్టి వినండి.